పెద్దకాలు గారి క్షేమం

నూకరత్నం కుడిచేతికి సర్కారు ఉద్యోగం వచ్చింది. మిగతా నూకరత్నానికి రాలేదు.

రంపాలపేటలో కొత్తగా వెలసిన 'అత్యవసర అవయవ బంధన ఉపకరణాల రూపకల్పన మరియు పనితీరు పరీక్షా కేంద్రం' వారికి పరీక్షలు చేసుకోవడానికి ఒక చెయ్యి కావలసి వచ్చింది. చెయ్యో కాలో తెగి రక్తం ధారగా పోతున్నప్పుడు, గాయానికి పైన కట్టి, పుల్ల పెట్టి మెలితిప్పి, రక్తాన్ని ఆపే పట్టీ ఒకటి ఉంటుంది కదా, దాన్ని తయారుచేసి పరీక్షించడం ఆ కేంద్రం పని. జనానికి నోరు తిరగదని దానికి ప్రాణపట్టీ అని పేరు పెట్టారు. "స్త్రీ, సన్నరకం, సజీవం" అయిన చెయ్యి కావలెనని ప్రకటన వేశారు. నూకరత్నం ఎనిమిదిలోనే బడి మానేసిన మనిషి. మనిషిగా ఏ ఉద్యోగానికి వెళ్ళినా ఆ తొమ్మిదీ పదీ అడ్డొచ్చేవి. చేతిని మాత్రం ఎవరూ చదువు అడగలేదు.

చేరిన మొదటిరోజునే ఆమెకు విషయం అర్థమైంది. హాజరు చేతికి వేస్తారు. చెయ్యి పెట్టుకోవడానికి మెత్తటి దిండు శాంక్షనయ్యింది. మనిషి కూర్చోవడానికి కుర్చీ శాంక్షను కాలేదు. అంచేత చెయ్యి దిండు మీద దొరసానిలా పడుకుంటే, నూకరత్నం దాని పక్కన దాసీదానిలా నిలబడేది.

"అదేంటే, నీ చేతికి నువ్వు తోడొచ్చినట్టుందే!" అంది కేంద్రం ఊడ్చే మంగతాయారు.

"ఏదైతేనేం పిన్నీ, నాలుగు డబ్బులొస్తాయి. అయినా నేనొచ్చింది డబ్బులకొక్కదానికే కాదులే" అంది నూకరత్నం.

ఆమె వచ్చింది భయానికి. రంపాలపేటలో వీధికో కోత మిల్లు. పొద్దున్న లేచింది మొదలు దుంగలు కోసే రంపాల గోల. కొత్తవాళ్ళు ఆ గోలకి చెవులు మూసుకుంటారు. పేట ఆడవాళ్ళకి మాత్రం గోల ఉన్నంతసేపే నిశ్చింత. పనివేళ రంపం ఠక్కున ఆగిందంటే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. కిందటి వానాకాలం అలాగే ఆగింది. పక్కింటి వీర్రాజు చెయ్యి తెగింది. ఆటో వంతెన దాటేలోపు రక్తమంతా ఆటోలోనే ఉండిపోయింది. అదే మిల్లులో, అదే రంపం ముందు, నూకరత్నం మొగుడు సూరిబాబు దుంగలు తోస్తాడు. ఆరోజు నుంచీ ఆమె అన్నం వండుతున్నా, నాలుగేళ్ళ కూతురు పల్లవికి జడ వేస్తున్నా, ఒక చెవి మిల్లు వైపే పారేసి ఉంటుంది.

వీర్రాజు పోయాక పేపర్లలో రాశారు. పైవాళ్ళకి ఆవేశం వచ్చింది. ఆవేశంలోంచి ఒక కమిటీ పుట్టింది, కమిటీకి ఈ కేంద్రం పుట్టింది. ఇక్కడ పాసైన పట్టీయే రేపు మిల్లు గోడకు వేలాడుతుంది. అది తన చేతి మీదే పాసవ్వాలి, తన కళ్ళతో తాను చూడాలి. అదీ నూకరత్నం ఆశ.

పరీక్షల అధికారి త్రినాథం ఆమె చేతికి పట్టీ తొడిగి, మోచేతి కింద ఒక పెట్టె తీగ ఆనించేవాడు. దాన్ని ఆయన నాడీధ్వని గ్రాహకం అంటాడు. నూకరత్నానికి అది చప్పుడు పెట్టె. నెత్తురు పారుతున్నంతసేపూ అందులోంచి గుబుక్ గుబుక్‌మని వినిపిస్తుంది. పుల్ల తిప్పగా తిప్పగా ఆ చప్పుడు ఆగిపోతే పట్టీ పనిచేసినట్టు లెక్క.

ఆగలేదు. త్రినాథం పుల్ల తిప్పాడు. పట్టీకున్న కొక్కేలన్నీ అయిపోయాయి గానీ, పట్టీ మాత్రం పెద్దవాళ్ళ గాజు చిన్నపిల్ల చేతికేసినట్టు జారుతూనే ఉంది. పెట్టె గుబుక్ గుబుక్‌మంటూనే ఉంది.

"ఈ చెయ్యి సహకరించడం లేదు" అన్నాడు త్రినాథం చెమట తుడుచుకుంటూ.

"నేనేం చెయ్యలేదండీ, ఊరికే నించున్నాను" అంది నూకరత్నం.

"మిమ్మల్ని అనడం లేదమ్మా. చేతిని అంటున్నాను."

అప్పుడు సంచాలకులు ఆచార్య వైకుంఠం గారికి కబురు వెళ్ళింది. ఆయన నిండు విగ్రహం. నడుస్తుంటే ముందు ఆయన హోదా, వెనక ఆయన వచ్చేవారు. చేతిని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత "ఇదే పట్టీని ప్రామాణిక అవయవమునకు ధరింపజేయుడు" అని సెలవిచ్చారు.

ప్రామాణిక అవయవం పక్క గదిలో ఉంటుంది. కేంద్రం మొత్తానికి ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. మధ్యలో బల్ల, బల్ల మీద పట్టుగుడ్డ, దాని మీద రబ్బరుతో పోతపోసిన నిగనిగలాడే తొడ ఒకటి. మంగతాయారు దానికి రోజూ మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడుస్తుంది, శుక్రవారం పూట పువ్వు పెడుతుంది. పేట జనం దాన్ని పెద్దకాలు గారంటారు.

ఆ కాలి పుట్టుపూర్వోత్తరాలు నూకరత్నానికి మంగతాయారే చెప్పింది. "మొట్టమొదటి మీటింగులో పట్టీకి కొలత కావాలన్నారంట. అవయవం ఎంత లావుండాలి అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారంట. ఎవరైనా కూలోడి కాలు కొలుద్దామంటే, బయటికెళ్ళాలి కదా, ఎండ! అప్పుడు మన అయ్యగారు లేచి, దేశం కోసం నా తొడ ఇస్తానన్నారంట. టేపు పెట్టి కొలిచేశారు, అచ్చు పోసేశారు, చప్పట్లు కొట్టేశారు. అదే ఇది."

పట్టీని పెద్దకాలు గారికి తొడిగారు. ఒక్క తిప్పుకే కరుచుకుపోయింది. ఆ కాల్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

"చూచితివా?" అన్నారు వైకుంఠం గారు. "సంపూర్ణ రక్తనిరోధం."

"అందులో అసలు నెత్తురు లేదు కదండీ" అంది నూకరత్నం.

"ఉండి ఉన్నచో ఆగి ఉండెడిది."

ఆ సాయంత్రమే ఫలితం వచ్చింది. పట్టీ ఉత్తీర్ణమైనది. చెయ్యి అనుత్తీర్ణమైనది. ఎందుకు అనుత్తీర్ణమైనదో చెయ్యి వెంటనే సంజాయిషీ ఇచ్చుకోవలెను, లేనిచో సేవ నుండి తొలగించబడును.

నూకరత్నం చేతిని కొంగులో దాచుకుంది. "చెయ్యి తీసేస్తారా అండీ?"

"ఉద్యోగంలోంచే లేమ్మా, భుజంలోంచి కాదు" అన్నాడు త్రినాథం ధైర్యం చెబుతున్నట్టు.

నిజం చెప్పొద్దూ, నూకరత్నానికి తన చెయ్యి మీద తనకే సిగ్గేసింది. అంత పెద్దవాళ్ళు, అంత చదువుకున్నవాళ్ళు, ఏసీలో పెట్టి మరీ కొలిచినవాళ్ళు తప్పెలా చెబుతారు? చిన్నప్పటి నుంచీ సరైన తిండి పెట్టి ఉంటే ఈ చెయ్యీ నలుగురిలో తలెత్తుకునేది కదా అనుకుంది. మర్నాడు త్రినాథం ఆఖరిసారిగా పట్టీ పట్టుకుని వచ్చేసరికి, భయం కొద్దీ ఆమె నోటికొచ్చింది అనేసింది.

"పోనీ సారూ, లోపల ఏదైనా గుడ్డ చుట్టుకోనా?"

మొగుడి అన్నం క్యారేజీకి చుట్టే తుండుగుడ్డ చేతిలోనే ఉంది. త్రినాథం కాదనేలోపే చుట్టేసుకుంది. అది చాలక పల్లవి గౌను ఒకటి, మంగతాయారు ఇచ్చిన గోనెపట్టా ముక్క ఒకటి. చెయ్యి అరటి బోదెంత అయ్యింది. పట్టీ తొడిగి తిప్పితే కొక్కెం పడింది. చప్పుడు పెట్టె గుబుక్ అని, గు అని, ఆగిపోయింది.

కేంద్రంలో లడ్డూలు పంచారు. చేతికి ఒకటి ఇచ్చారు, నూకరత్నం తింది.

వైకుంఠం గారు సభ పెట్టి మాట్లాడారు. "సోదరులారా! ఇంతకాలము లోపము ఉపకరణమందున్నదా, ప్రజలయందున్నదా అను మీమాంస ఉండెడిది. నేటితో తీరినది. ప్రజలు సన్నముగా ఉన్నారు. తదనుగుణముగా వారిని సరిచేయవలెను. అయితే ప్రమాదము జరిగిన పిమ్మట వస్త్రము చుట్టు వ్యవధి ఉండదు. కావున యావన్మంది ప్రజలు ప్రమాదమునకు ముందే చుట్టుకొని సిద్ధముగా ఉండవలెను."

చప్పట్లు మారుమోగాయి. వెనక వరసలో నిలబడ్డ నూకరత్నం కూడా కొట్టబోయింది. "చెయ్యి డ్యూటీలో ఉందమ్మా" అని త్రినాథం ఆపాడు.

ఇక చూడాలి రంపాలపేట వైభోగం! ఎండలు మండిపోతున్న రోజుల్లో పేటకు పేట బొంతలు తొడుక్కుంది. కాళ్ళకీ చేతులకీ బూరుగుదూది కూరిన సంచులు. నిలబడితే గుమ్మడికాయలు, నడిస్తే గుమ్మడికాయల బండి. బస్సు కండక్టరు మనిషికి రెండు టికెట్లు కొట్టాడు, రెండు సీట్లు పడుతున్నాయి కదా మరి. దూది కొట్టు వాడు మేడ మీద మేడ లేపాడు. బళ్ళో పిల్లలు పడితే లేవలేక దొర్లుకుంటూ ఇళ్ళకొచ్చారు. "ఇప్పుడెంత బుద్ధిగా ఉంటున్నారండీ! పరిగెత్తమన్నా పరిగెత్తడం లేదు" అని పంతులమ్మ మురిసిపోయింది. వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళకి సంచి విప్పితేనే గానీ సూది వెయ్యలేమన్నారు. సంచి విప్పితే అనుత్తీర్ణులవుతారని కేంద్రం వాళ్ళన్నారు. సూదే ఆగిపోయింది.

ప్రతి మిల్లు గుమ్మంలోనూ కేంద్రం మనుషులు టేపులు పట్టుకుని నిలబడ్డారు. పెద్దకాలు గారి కొలతకు తక్కువైన చెయ్యి లోపలికి పోవడానికి వీల్లేదు.

సూరిబాబు మిల్లులో తరాల నుంచీ ఒక ఆచారం ఉంది. రంపం ముందుకెళ్ళే మనిషి ఒంటి మీద వేలాడే పోగు ఉండకూడదు. పంచె ఎగ్గట్టాలి, చొక్కా చేతులు కత్తిరించాలి. దేవుడి దగ్గర కట్టించుకున్న చేతి తాడైనా సరే, విప్పి గుమ్మం పక్క మేకుకి తగిలించి, దణ్ణం పెట్టుకుని లోపలికెళ్ళాలి. గోడ మీద "వదులు గుడ్డ ఒంటికి గండం" అని ఎర్రక్షరాలతో రాసి ఉండేది. దాని మీద సున్నం కొట్టి "బొంత లేని చెయ్యి భద్రత లేని చెయ్యి" అని రాయించారు.

"నీకేవన్నా మతి పోయిందేంటే?" అన్నాడు సూరిబాబు, పెళ్ళాం కుట్టిన సంచుల్ని కాలితో తోస్తూ. "రంపం కాడ చేతికి దారప్పోగు ఉంచుకోం. దానికి పిలకిచ్చావంటే మొత్తం గుంజేసుకుంటది. ఇప్పుడు పరుపు కట్టుకెళ్ళమంటావా?"

"నా చేతి మీదే పరీక్ష పెట్టారు మావా. చప్పుడు ఆగిపోవడం నా చెవులతో విన్నాను."

"నీ చేతి ముందు రంపం ఉందా?"

"అది లేదనుకో…"

"మరి?"

"మరీ గిరీ అనకు. వీర్రాజు బావకి ఇదుండి ఉంటే బతికేవోడు. నీకేదైనా అయితే నేనూ పల్లవీ ఏమైపోవాలి? చదువుకున్నోళ్ళు ఊరికే చెబుతారా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్క పోగు కూడా వేలాడకుండా కుడతాను. నామీదొట్టు, వేసుకెళ్ళు."

సూరిబాబు రంపానికి భయపడడు గానీ నూకరత్నం ఏడుపుకి భయపడతాడు. పైగా బొంత లేకపోతే గుమ్మంలో టేపు వాడు ఆపేస్తాడు, ఆరోజు కూలి పోతుంది. నూకరత్నం దగ్గర దగ్గరగా కుట్లు వేసి, చివర్లు లోపలికి మడిచి, పెళ్ళికూతురి జాకెట్టులా బిగుతుగా కుట్టింది. సంచిలోకి దూది చాలకపోతే పల్లవి తలగడ విప్పి అందులోది కూరింది. చేతి తాడు మేకుకి తగిలించి, బొంత చేతులతో లోపలికి వెళ్తున్న మొగుణ్ణి చూసి తోటివాళ్ళు నవ్వారు. వాళ్ళవీ బొంత చేతులే కాబట్టి ఎక్కువసేపు నవ్వలేకపోయారు.

ఆ తర్వాత ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నూకరత్నం చెయ్యి దిండు మీద పడుకుని ఉంది. త్రినాథం పుల్ల తిప్పుతున్నాడు. పెట్టె గుబుక్ గుబుక్‌మంటోంది.

మిల్లు రంపం ఆగిపోయింది.

ముందు ఆమె చెయ్యి గుంజుకుంది, తర్వాత ఆమెకి అర్థమైంది. "మా మిల్లేనండీ. మా మిల్లే. నేనెళ్ళాలి."

"వెళ్ళండమ్మా, మిమ్మల్ని ఎవరాపారు?" అన్నాడు త్రినాథం, మంచి మనిషే పాపం. "మీకు డ్యూటీ లేదు. చేతిని మాత్రం సాయంత్రం గంట కొట్టేదాకా ఇక్కడ ఉంచాలి."

నూకరత్నం పట్టీతో, పుల్లతో, తీగ తెంపుకుని, వీధమ్మట పరిగెత్తింది.

మిల్లులో తెల్లటి దూది గాలిలో ఎగురుతోంది. కొంత దూది ఎర్రగా ఉంది. ఆమె కుట్లు ఒక్కటీ ఊడలేదు. కుట్టుతో సహా సంచి రంపం పళ్ళకి చిక్కింది. పళ్ళు సంచిని గుంజాయి, సంచి చేతిని గుంజింది. ఎవరో కరెంటు ఆపబట్టి చెయ్యి మిగిలింది. మోచేతి కింద లోతుగా చీరుకుపోయి సూరిబాబు పొట్టు మీద పడి ఉన్నాడు. మేస్త్రి గంగరాజు గోడ మీది ప్రాణపట్టీ తెచ్చి కడుతున్నాడు. బొంత చిరిగిపోయింది కాబట్టి లోపల మిగిలింది సూరిబాబు అసలు చెయ్యి, సన్నరకం. పట్టీ జారింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ జారింది.

"బొంత కట్టాలయ్యా ముందు! గోడ మీదున్నట్టు ముందు బొంత, తర్వాత పట్టీ!" అని టేపు వాడు గుమ్మంలోంచి అరుస్తున్నాడు.

"ఎవరిదైనా బొంత విప్పండ్రా!" అని గంగరాజు తనది పీక్కుంటున్నాడు. అదీ దగ్గర దగ్గరగా కుట్టిందే, ఊడిరావడం లేదు.

నూకరత్నానికి ఏ పరీక్షా గుర్తు రాలేదు. నడుముకున్న తుండుగుడ్డ లాగి, ఉండగా చేసి, గాయంలోకి నొక్కి, దాని మీద కుడి అరచెయ్యి పెట్టి, ఒంట్లో ఉన్న బరువంతా వేసింది. "ఆటో! ఆటో పిలవండ్రా!" ఆటోలో మోకాళ్ళ మీద కూర్చుని అలాగే నొక్కింది. వంతెన వచ్చింది. వీర్రాజు ఆగిపోయిన వంతెన. ఆమె చెయ్యి తియ్యలేదు. వంతెన వెళ్ళిపోయింది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె వేళ్ళని ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

"ఇక వదలమ్మా. రక్తం ఆగింది, మనిషి ఉన్నాడు" అన్నాడాయన. "ఇంతకీ ఈ దూదంతా ఏంటి?"

"నేనే కుట్టానండీ" అంది నూకరత్నం.

సూరిబాబు బతికాడు. రెండు వేళ్ళు సరిగా ముడుచుకోవు. అయినా తిరిగి పనిలోకి వెళ్తానన్నాడు, వేరే పని రాదు కాబట్టి. కేంద్రం అనుమతి ఉంటే తప్ప రానివ్వమని మిల్లు వాళ్ళన్నారు. కేంద్రం వాళ్ళు విచారణ పెట్టారు.

విచారణ రోజున వైకుంఠం గారు మధ్యలో, కుడిపక్క త్రినాథం, ఎడమపక్క పట్టుగుడ్డ మీద పెద్దకాలు గారు. ఎదురుగా నూకరత్నం, సూరిబాబు. సూరిబాబు చేతిలో మంగతాయారు ఇచ్చిన టీ గ్లాసు.

"పట్టీయందు ఏ లోపమూ కానరాలేదు" అని త్రినాథం చదివాడు. "పట్టీ జారుట అవయవము సన్నబడుట వలన. అవయవము సన్నబడుట బొంత చిరుగుట వలన. బొంత చిరుగుట ప్రమాదము వలన. ప్రమాదము పట్టీ పరిధిలోనిది కాదు."

"బాగున్నది" అన్నారు వైకుంఠం గారు.

"మరొక అంశం. కేంద్రమునకు చెందిన ఒక చెయ్యి విధులలో ఉండగా పరారై, సొంత పనిలో పాల్గొన్నది. అనుమతి లేకుండా రక్తమును ఆపినది."

"ఆపినట్లు రుజువేమి? ఆ చేతిని ప్రామాణిక అవయవముపై పరీక్షింపుడు."

నూకరత్నాన్ని పిలిచి, పెద్దకాలు గారి మీద అరచెయ్యి పెట్టి నొక్కమన్నారు. నొక్కింది. రబ్బరు చల్లగా ఉంది.

"రక్తము ఆగినదా?"

"ఆగడానికి అసలు రావట్లేదు కదండీ!"

"రాని రక్తము ఆగినట్లు ఎటుల నమ్మవలెను? చెయ్యి మరల అనుత్తీర్ణము."

"ఆవేళ పట్టీ కట్టినప్పుడూ రాలేదు కదండీ! దానికి పాసన్నారు కదండీ!"

"అది ఉపకరణమమ్మా. ఇది చెయ్యి." వైకుంఠం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "కావున విచారణ సారాంశమేమనగా, సూరిబాబు అను కార్మికునికి రక్తస్రావము ఆరంభమైనట్లు నిర్ధారణ అయినది. ఆమోదిత ఉపకరణముచే ఆగినట్లు నిర్ధారణ కాలేదు. తదనుగుణముగా, ఇతనికి నేటికిని రక్తము కారుచున్నట్లే పరిగణించబడును. రక్తము కారుచున్న వ్యక్తిని పనిలోనికి అనుమతించుట కుదరదు."

సూరిబాబు టీ తాగడం ఆపి, గ్లాసు దించి, కుట్లు మానిన చేతిని తిప్పి చూసుకున్నాడు. "ఎక్కడ కారతందండీ బాబూ?"

"మా దృష్టిలో."

నూకరత్నం ఇన్నాళ్ళూ లోపల అణచుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. చదువుకున్నోళ్ళని నమ్మి తన చేత్తో తాను కుట్టిన సంచి, పిల్ల తలగడలోంచి తీసిన దూది, ఎర్రటి దూది, అన్నీ కలిసి వచ్చాయి.

"మా చేతులు మీకు పనికిరావు! మా నెత్తురు మీకు కనపడదు! బొంతలు చుట్టి మా మనుషుల్ని రంపానికి ఎరేశారు, మీ పట్టీ మటుకు బంగారం! మీకు ఆ కాలు తప్ప మనుషులక్కర్లేదు కదా? అయితే దానికే కట్టుకోండి! మిల్లులో ఎవరి చెయ్యి తెగినా దాని తొడకే కట్టుకుని ఊరేగండి! మా ఒంటి మీదికి మాత్రం రాకండి!"

మంగతాయారు చేతిలో చీపురు ఆగిపోయింది. సూరిబాబు పెళ్ళాం కొంగు పట్టుకుని లాగాడు.

వైకుంఠం గారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"త్రినాథం! వ్రాయుడు!" అన్నారు. "ఎంతటి ఆలోచన! ప్రజల అవయవములు పలువిధములు. ప్రామాణిక అవయవము ఒక్కటే. యావన్మంది ప్రజల పక్షమున అదియే మిల్లునందు హాజరగుగాక! ఎవరికి రక్తము కారినను పట్టీని దీనికే బిగించవలెను. వైఫల్యమను మాటకు తావు లేదు!"

మొదట సూరిబాబు కేసుతోనే ఆరంభించారు. పెద్దకాలు గారికి పట్టీ తొడిగి, ఒక్క తిప్పు తిప్పి, చప్పుడు పెట్టె ఆనించారు. నిశ్శబ్దం. "సూరిబాబునకు రక్తము ఆగినది" అని త్రినాథం ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సూరిబాబు మిగిలిన టీ తాగేశాడు.

జనం చేతుల బదులు కాలు హాజరవుతోంది కాబట్టి ఇక జనం చేతుల లావుతో ఎవరికీ పని లేకపోయింది. టేపు వాళ్ళని వెనక్కి పిలిచేశారు. పేటంతా ఒకేరోజు బొంతలు విప్పింది. పిల్లలు మళ్ళీ పరిగెత్తారు, పడ్డారు, వాళ్ళంతట వాళ్ళే లేచారు. నూకరత్నం పల్లవి తలగడలో కొత్త దూది కూరి కుట్టింది. పాత దూది ఇంట్లోకి రానివ్వలేదు.

సన్నరకం చేతితో కూడా ఇక పని లేదు కాబట్టి దానికి ఘనంగా వీడ్కోలు సభ చేశారు. చేతికి శాలువా కప్పారు, మణికట్టుకి దండ వేశారు, దాని సేవల్ని కొనియాడారు. నూకరత్నం పక్కన నిలబడి ఉంది. శాలువా మాత్రం ఇంటికి తెచ్చుకుంది. పల్లవికి దుప్పటయ్యింది.

పెద్దకాలు గారు మిల్లులో రంపానికి ఎదురుగా కుర్చీ మీద కొలువుదీరారు. తలపై గొడుగు, పక్కన ఫ్యాను, తొడకు నిరంతరం బిగించిన పట్టీ. దాని క్షేమం చూసి పైకి తెలియజేయడానికి త్రినాథాన్ని అక్కడే వేశారు. సూరిబాబు మళ్ళీ రంపం ముందుకెళ్ళాడు. చేతి తాడు మేకుకి తగిలించి, దణ్ణం పెట్టుకుని, బోసి చేతులతో వెళ్ళాడు. సున్నం పలచబడి పాత ఎర్రక్షరాలు గోడ మీద మళ్ళీ కనపడుతున్నాయి. ఎవరూ సున్నం కొట్టలేదు.

నూకరత్నం ఇంటి దగ్గరే ఉంటోంది. నడుముకి ఎప్పుడూ ఉతికిన తుండుగుడ్డ ఒకటి దోపుకుని ఉంటుంది. ఒక చెవి మిల్లు వైపు.

ఒకరోజు పల్లవికి అన్నం పెడుతుండగా రంపం ఆగింది.

ముద్ద కింద పడేసి, పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది. వీధిలో ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు పరిగెడుతున్నారు. గుమ్మంలోనే సూరిబాబు ఎదురొచ్చాడు. రెండు చేతులూ ఆమె కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"కరెంటు పోయిందే పిచ్చిదానా. కరెంటు."

నూకరత్నం గుమ్మం పట్టుకుని కిందికి జారి కూలబడిపోయింది. తుండుగుడ్డ ఇంకా పిడికిట్లోనే ఉంది. పల్లవి వాళ్ళ నాన్న చేతిని పట్టుకుని, ముడుచుకోని వేళ్ళు లాగి చూస్తోంది.

లోపల త్రినాథం కుర్చీ దగ్గరికి పరిగెత్తాడు. పట్టీ చూశాడు, పుల్ల చూశాడు, పెట్టె ఆనించి చెవి పెట్టి విన్నాడు. తర్వాత గుమ్మంలో చేరిన ఆడవాళ్ళ వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, చల్లగా చెప్పాడు.

"కంగారు పడకండమ్మా. కాలు క్షేమం."